ఆటగాళ్లు కట్టిన లెవెళ్ల గేమ్ కొనాలంటే: ఎవరికి ఏది సరిపోతుంది

ఆటగాళ్లే లెవెళ్లు కట్టి ఒకరికొకరు పంచుకునే ఈ రకం గేమ్ కొనేటప్పుడు గ్రాఫిక్స్, ధర, రేటింగ్ అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. లెవెళ్లు దాచే సర్వర్ ఇవాళ నడుస్తోందా? పరుగెత్తుతూ దూకుతూ ముందుకు పోయే మామూలు ప్లాట్‌ఫామ్ గేమ్‌లో కంపెనీ కట్టిన లెవెళ్లన్నీ డిస్క్‌లోనే ఉంటాయి, పదేళ్ల తర్వాత పెట్టినా ఆడతాయి. ఆటగాళ్లు కట్టుకునే గేమ్‌లో అసలు సరుకు డిస్క్‌లో ఉండదు. అది ఎక్కడో ఉన్న సర్వర్‌లో, అక్కడికి రోజూ వచ్చిపోయే జనంలో ఉంటుంది. సర్వర్ ఆగితే మన చేతిలో మిగిలేది కంపెనీ ఇచ్చిన నమూనా లెవెళ్లు, మనం సొంతంగా కట్టుకునే పనిముట్లు మాత్రమే.

లిటిల్ బిగ్ ప్లానెట్ 3 దీనికి సరైన ఉదాహరణ. ఈ వరుసలో మొదటి గేమ్ 2008లో ప్లేస్టేషన్ 3 మీద వచ్చింది. గుడ్డతో కుట్టిన బొమ్మలాంటి సాక్‌బాయ్ ఇందులో హీరో. స్పాంజి, అట్టముక్క, తాడు, మోటారు కలిపి ఎవరైనా లెవెల్ కట్టుకునే వీలు. ఆ రోజుల్లో కన్సోల్ మీద అది కొత్త. మూడోది 2014 నవంబర్‌లో వచ్చింది. 2021 సెప్టెంబర్‌లో పీఎస్3 సర్వర్లు మూతపడ్డాయి. 2024 జనవరిలో పీఎస్4 సర్వర్లు ఆగిపోయాయి, ఇక తెరవడం లేదని ఏప్రిల్‌లో ప్రకటన వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ చివర్లో డిజిటల్ అమ్మకమూ ఆగింది. డిస్క్ మాత్రం సెకండ్ హ్యాండ్‌లో ఇంకా తిరుగుతోంది. కొంటే కథ ఆడొచ్చు, నలుగురు ఒకే టీవీ ముందు కూర్చుని ఆడొచ్చు, సొంత లెవెల్ కట్టి ఇంట్లోవాళ్లతో ఆడించొచ్చు. బయటివాళ్లు కట్టిన లెవెల్ ఒక్కటి కూడా దిగదు. ఈ సంగతి తెలిసి కొంటే నష్టం లేదు, చిన్నపిల్లలున్న ఇంట్లో కథ ఒక్కటే చాలా రోజులు నడుస్తుంది. లక్షల లెవెళ్లు ఉంటాయని కొంటే మాత్రం డబ్బు వృథా.

కాబట్టి సర్వర్లు బతికి ఉన్నవాటిలోంచే ఎంచుకోవాలి. అలాంటివాటిలో కొనదగ్గవి మా లెక్కలో నాలుగు: సూపర్ మారియో మేకర్ 2, లెవెల్‌హెడ్, అల్టిమేట్ చికెన్ హార్స్, డ్రీమ్స్. ఈ నాలుగూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. ఇంట్లో ఏ కన్సోల్ ఉంది, ఆడటం ఇష్టమా కట్టడం ఇష్టమా, ఒంటరిగా ఆడతారా నలుగురితోనా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

సూపర్ మారియో మేకర్ 2

నింటెండో కన్సోల్ స్విచ్ ఉన్న ఇంటికి ఇదే మా మొదటి సలహా, రెండో ఆలోచన అక్కర్లేదు. 2019 జూన్ 28న వచ్చింది, స్విచ్ 2 మీద కూడా ఆడుతుంది. చివరి పెద్ద అప్‌డేట్ 2020 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ తర్వాత కొత్త హంగులేమీ లేకపోయినా అప్పటికే పోగైన లెవెళ్లు ఒక మనిషి జీవితకాలంలో ఆడి ముగించలేనన్ని.

ఇందులో ఐదు ఆటతీరులు ఉంటాయి, అవి కేవలం బొమ్మల తేడా కాదు. పాత సూపర్ మారియో బ్రదర్స్ తీరులో తాబేటి చిప్పను చేత్తో పట్టుకోలేం, గోడమీద నుంచి తన్నుకుని ఎగరలేం. సూపర్ మారియో బ్రదర్స్ 3 తీరులో చిప్ప పట్టుకోవచ్చు. సూపర్ మారియో వరల్డ్‌లో గిరగిరా తిరుగుతూ ఎగిరే స్పిన్ జంప్ చేరుతుంది, చిప్పను పైకి కూడా విసరొచ్చు. న్యూ సూపర్ మారియో బ్రదర్స్ యూ తీరులో గోడ దూకుడు, గాల్లో తిరగడం, కిందికి గుద్దడం మూడూ ఉన్నాయి. సూపర్ మారియో 3డీ వరల్డ్ తీరులో పిల్లి వేషం వేసుకుని గోడ ఎక్కొచ్చు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఈ చివరి రెండు తీరులే సులువు, ఎందుకంటే దూకు కొంచెం తప్పినా గోడ పట్టుకుని సర్దుకునే అవకాశం ఉంటుంది. నేరుగా మొదటి తీరు లెవెళ్లలో పడేస్తే పదినిమిషాల్లో కంట్రోలర్ పక్కన పెట్టేస్తారు.

కొన్నాక మొదట స్టోరీ మోడ్ పూర్తి చేయండి. కూలిపోయిన కోటను మళ్లీ కట్టించడం కథ. వందకు పైగా లెవెళ్లు, ఇంటర్నెట్ అక్కర్లేదు, సభ్యత్వం అక్కర్లేదు. చాలామంది దీన్ని దాటేసి నేరుగా ఆన్‌లైన్‌కి పోతారు, అది పొరపాటు. ఒక్కో లెవెల్ ఒక్కో భాగాన్ని ఎలా వాడాలో చూపిస్తుంది. ఆన్-ఆఫ్ స్విచ్, వాలు నేల, ఊగే పంజా లాంటివి ఇక్కడ అలవాటైతే బయటి లెవెళ్లలో అవి ఎదురైనప్పుడు తికమక ఉండదు. ఓ లెవెల్ దగ్గర పదేపదే ఓడిపోతుంటే మారియో సోదరుడు లూయిజీ సాయం తీసుకోవచ్చు, పిల్లలకు ఆ సంగతి ముందే చెప్పండి.

తర్వాత ఆన్‌లైన్. బయటివాళ్లు కట్టిన లెవెళ్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే ఎండ్‌లెస్ ఛాలెంజ్‌లో ఈజీ, నార్మల్, ఎక్స్‌పర్ట్, సూపర్ ఎక్స్‌పర్ట్ అని నాలుగు మెట్లు. నార్మల్ నుంచి ఎక్స్‌పర్ట్‌కి మధ్య ఉన్న ఎత్తు ఈజీ నుంచి నార్మల్‌కి ఉన్నదానికంటే చాలా ఎక్కువ. నార్మల్ హాయిగా ఆడేవాళ్లు కూడా ఎక్స్‌పర్ట్‌లో ఒక్క లెవెల్ దగ్గరే ప్రాణాలన్నీ పోగొట్టుకుంటారు. నచ్చని లెవెల్‌ను మొహమాటం లేకుండా స్కిప్ చేయండి. ఈజీలో పెద్దగా పనిలేని లెవెళ్లు, కదలకుండా నిలబడితే అదే తీసుకుపోయే ఆటోమేటిక్ లెవెళ్లు ఎక్కువ. మొదటి పదీ సరదాగా ఉంటాయి, తర్వాత విసుగు.

ఎండ్‌లెస్‌లో ఏది వస్తుందో చెప్పలేం. వెతికి ఎంచుకుంటే తృప్తి ఎక్కువ. లెవెల్ పేజీలో నాలుగు అంకెలు కలిపి చదవాలి: ఎంతమంది ఆడారు, ఎంతమందికి నచ్చింది, క్లియర్ రేటు (అంటే ఆడిన ప్రయత్నాల్లో ఎన్ని శాతం చివరిదాకా దాటాయన్నది) ఎంత, రికార్డు సమయం ఎంత. క్లియర్ రేటు ఒక్కటే చూస్తే మోసపోతాం. 2 శాతం క్లియర్ రేటు, 15 సెకన్ల రికార్డు ఉంటే అది చిన్నది, కానీ ప్రతి దూకూ లెక్కగా పడాలి. ఓపికుంటే అరగంటలో నేర్చుకోవచ్చు. అదే 2 శాతానికి రికార్డు మూడు నిమిషాలుంటే సాయంత్రమంతా పోతుంది. క్లియర్ రేటు తక్కువ, నచ్చినవాళ్లూ తక్కువ అయితే లోపల కనిపించని బ్లాకులు, ముందు తెలియకుండా మింగేసే గుంటలు ఉన్నాయని అనుకోవచ్చు. మామూలు ఆటగాడికి 15 నుంచి 40 శాతం మధ్య క్లియర్ రేటు, ఆడిన ప్రతి ఐదారుగురిలో ఒకరికి నచ్చిన లెవెల్ మంచి మొదలు. ఇది మా కొలత మాత్రమే, మీ చేయి కుదిరే కొద్దీ మార్చుకోండి.

అంతకంటే మంచి దారి సూపర్ వరల్డ్. 2020 అప్‌డేట్‌తో ఒక్కొక్కరు తమ లెవెళ్లను మ్యాపు మీద పేర్చి, గరిష్ఠంగా 8 లోకాలు, 40 లెవెళ్లతో పూర్తి మారియో గేమ్‌లాంటిది కట్టుకోవచ్చు. ఒకే చేతి కట్టుబడి కాబట్టి కష్టం మెట్టుమెట్టుగా పెరుగుతుంది, మొదటి లోకంలో నేర్పింది నాలుగో లోకంలో పరీక్షిస్తుంది. దొరికిందల్లా ఆడి అలిసిపోయినవాళ్లకు ఇది మళ్లీ ఇష్టం పుట్టిస్తుంది. బాగున్న లెవెల్ ఒకటి తగిలితే కట్టినవారి పేజీ తెరిచి వారికి సూపర్ వరల్డ్ ఉందేమో చూడటం అలవాటు చేసుకోండి. లెవెల్‌కి తొమ్మిది అక్షరాల కోడ్ ఉంటుంది, అలాగే కట్టినవారికీ ఒకటి. స్నేహితులు పంపిన కోడ్ కొడితే నేరుగా అక్కడికి పోవచ్చు.

ఆన్‌లైన్‌కి స్విచ్ ఆన్‌లైన్ సభ్యత్వం తప్పనిసరి. అమెరికా ధరల్లో ఒక్కరికి ఏడాదికి 19.99 డాలర్లు, ఎనిమిది ఖాతాల వరకూ పనికొచ్చే కుటుంబ సభ్యత్వం 34.99. గేమ్ ధర 59.99 డాలర్లు. రెండిళ్లు కలిసి కుటుంబ సభ్యత్వం తీసుకుంటే చవక. సభ్యత్వం ఉన్నప్పుడు దించుకున్న లెవెళ్లు ఇంటర్నెట్ లేనప్పుడూ ఆడతాయి. రైలు ప్రయాణానికి ముందురోజు ఇరవై దించిపెట్టుకుంటే చాలు.

ఇక్కడ జనం తరచూ ఇరుక్కునేది రెండు చోట్ల. మొదటిది: ఒకే టీవీ ముందు నలుగురు ఆడాలంటే ఎండ్‌లెస్‌లోకి కలిసి పోలేరు. ముందుగా లెవెళ్లు దించి, అవి దాచే కోర్స్‌బాట్ అనే చోటి నుంచి తెరిచి కలిసి ఆడాలి. పండక్కి చుట్టాలు వచ్చాక వెతుకులాట మొదలుపెడితే అందరూ లేచిపోతారు, ఉదయమే పది లెవెళ్లు సిద్ధం చేసుకోండి. రెండోది: ఆన్‌లైన్‌లో నలుగురు పోటీపడే వెర్సస్. ఒక్కరి కనెక్షన్ నెమ్మదైనా నలుగురి ఆటా నత్తనడక నడుస్తుంది. మీ వైపు నుంచి చేయగలిగింది వైఫై బదులు ల్యాన్ కేబుల్ వాడటం. స్విచ్ ఓఎల్ఈడీ మోడల్ డాక్‌కి (కన్సోల్‌ను టీవీకి కలిపే పెట్టెకి) ఆ పోర్టు ఉంటుంది, పాత డాక్‌కి యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. అయినా అవతలివాడి వైఫై మన చేతిలో ఉండదు. వెర్సస్ కోసమే ఈ గేమ్ కొనేట్టయితే మా సలహా వద్దనే.

కట్టాలనుకునేవాళ్లకు

మారియో మేకర్ 2లో కట్టడానికి వేలే మేలు. చేత్తో పట్టుకుని తెర మీద తాకుతూ పేర్చడం టీవీలో కంట్రోలర్‌తో పేర్చడం కంటే చాలా వేగం. ఫోన్లకు వాడే మామూలు రబ్బరు మొన స్టైలస్ పనికొస్తుంది, చిన్న గళ్లలో వేలికంటే గురి కుదురుతుంది. అమ్మో నాన్నో ఒకవైపు, పిల్లల్లో ఒకరు ఇంకోవైపు జాయ్‌కాన్ (స్విచ్ చిన్న కంట్రోలర్) పట్టుకుని ఇద్దరు కలిసి కట్టే వీలూ ఉంది. ఒకరికి గరిష్ఠంగా 100 లెవెళ్లు అప్‌లోడ్ చేయొచ్చు.

అప్‌లోడ్‌కి ముందు మీ లెవెల్‌ను మీరే మొదటినుంచి దాటి చూపించాలి. చెక్‌పాయింట్ (ప్రాణం పోతే మళ్లీ మొదలయ్యే మధ్య చోటు) పెట్టి ఉంటే అక్కణ్నుంచి కూడా దాటాలి. దాటలేని లెవెల్ బయటికి పోకుండా ఈ నియమం. కొత్తవాళ్ల లెవెళ్లు జనానికి నచ్చకపోవడానికి పెద్ద కారణం కూడా ఇక్కడే పుడుతుంది: కట్టినవారికి ప్రతి మలుపూ ముందే తెలుసు, అందుకే వాళ్లకు సులువుగా అనిపించింది బయటివాళ్లకు గోడలా ఉంటుంది. మీకు కొంచెం తేలిక అనిపించిందంటే బయటివాళ్లకు సరిగ్గా సరిపోయిందని అర్థం.

కట్టేటప్పుడు ఆడి చూస్తే మారియో నడిచిన దారి నీడలా తెరమీద మిగులుతుంది. దూకు పైకి ఎక్కడిదాకా పోయిందో అందులో కనిపిస్తుంది, నాణేలు ఆ వంపు మీదే పేర్చండి. ఆడేవాళ్లు నాణేల వెంటే దూకుతారు, మాట అవసరం లేకుండా దారి తెలుస్తుంది. కిందికి కనపడని చోటికి దూకమని అడగొద్దు, తప్పదంటే బాణం గుర్తు పెట్టండి. కొత్త ఆపద మొదటిసారి ఎదురైనచోట కింద నేల ఉంచండి, రెండోసారి గుంట తీయండి. ఆటగాడు పడి బయటికి రాలేక, చావలేక చిక్కుకుపోయే మూల ఒక్కటి మిగిలినా లెవెల్‌కి చెడ్డపేరు వస్తుంది. అలాంటి ప్రతి మూలలోనూ ముళ్లో, తిరిగి మొదటికి తెచ్చే పైపో పెట్టాలి. అప్‌లోడ్ అయ్యాక లెవెల్‌ను దిద్దలేం. తప్పు కనిపిస్తే తీసేసి కొత్త కోడ్‌తో మళ్లీ పెట్టాలి, అప్పటిదాకా వచ్చిన మెప్పంతా పోతుంది. అందుకే పంపేముందు ఇంట్లో ఒకరిచేత ఆడించి, పక్కన నోరు మెదపకుండా కూర్చుని చూడండి. వాళ్లు ఎక్కడ ఆగారో అక్కడ దిద్దాలి.

ఇంకో జాగ్రత్త. మొదటి నాలుగు తీరుల మధ్య లెవెల్‌ను అటూ ఇటూ మార్చొచ్చు, 3డీ వరల్డ్ తీరుకి మాత్రం మార్చితే పేర్చినదంతా చెరిగిపోతుంది. తీరు ముందే తేల్చుకోండి.

స్విచ్ లేనివాళ్లకు

ఎక్స్‌బాక్స్ ఉంటే లెవెల్‌హెడ్. 2020 ఏప్రిల్ చివర్లో వచ్చింది, స్విచ్, పీసీ, ఫోన్‌లలో కూడా ఉంది, ప్లేస్టేషన్‌లో లేదు. జీఆర్-18 అనే రోబో పొట్లాన్ని గమ్యానికి చేర్చాలి. తొంభైకి పైగా లెవెళ్లు కంపెనీ కట్టినవే ఉంటాయి. దీని బలం రెండు సంగతుల్లో ఉంది. ఒకటి, ఏ పరికరంలో కట్టినా మరే పరికరంలోనైనా ఆడొచ్చు. ఫోన్‌లో ఉన్న తమ్ముడు ఎక్స్‌బాక్స్‌లో ఉన్న అక్క లెవెల్ ఆడగలడు. రెండోది, కొత్త లెవెల్ పోటీలో మునిగిపోకుండా ఏర్పాటు ఉంది. ఇతరుల లెవెళ్లు ఆడితే వచ్చే పాయింట్లు ఖర్చుపెట్టి మన లెవెల్‌ను జనం ముందుకు తేవచ్చు. మారియో మేకర్‌లో కష్టపడి కట్టిన లెవెల్‌కి పదిమంది కూడా రాకపోవడం మామూలే, కట్టేవాళ్ల మనసు విరిచేది అదే. అయితే లెవెల్‌హెడ్ జనం మారియోతో పోలిస్తే చాలా కొద్ది. కట్టడం ప్రధానమైతే ఇది మంచి ఎంపిక, ఆడటమే ప్రధానమైతే కొంతకాలానికి తరుగు తెలుస్తుంది.

అల్టిమేట్ చికెన్ హార్స్ వేరే పద్ధతి. పీఎస్4, ఎక్స్‌బాక్స్, స్విచ్, పీసీ అన్నిట్లో దొరుకుతుంది. ఇందులో లెవెల్ కట్టడమే ఆట. ప్రతి రౌండులో నలుగురూ తలా ఒక వస్తువు ఎంచుకుని లెవెల్‌లో పెడతారు: పలకో, రంపపు చక్రమో, బాణాలు వదిలే పెట్టెనో. తర్వాత అందరూ అదే దారిలో పరుగెత్తాలి. అందరూ చేరితే మరీ సులువని ఎవరికీ పాయింట్లు రావు, ఎవరూ చేరకపోయినా రావు. తాను దాటగలిగి పక్కవాడు దాటలేనట్టు పెట్టడమే తెలివి. సంక్రాంతికి బావామరదళ్లు, పిన్నిపిల్లలు ఒక గదిలో చేరే ఇంటికి ఇంతకంటే మంచి గేమ్ మాకు తెలియదు, నియమాలు రెండు రౌండ్లలో అర్థమైపోతాయి. ఒకే గదిలో ఆడటానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, అంటే ఈ గేమ్ అసలు ఆనందం సర్వర్ మీద ఆధారపడదు. ఒంటరిగా ఆడేవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు.

ప్లేస్టేషన్ వాళ్లకు మిగిలింది డ్రీమ్స్. లిటిల్ బిగ్ ప్లానెట్ మొదట చేసిన మీడియా మాలిక్యూలే 2020 ఫిబ్రవరి 14న పీఎస్4 మీద తెచ్చింది, పీఎస్5 లోనూ ఆడుతుంది. బొమ్మలు చెక్కడం, సంగీతం కూర్చడం, లాజిక్ తీగలు కలపడం అన్నీ ఇందులోనే. ప్లాట్‌ఫామ్ గేమ్ ఒక్కటే కాదు, ఏ రకం గేమైనా కట్టొచ్చు. అదే చిక్కు కూడా. మారియో మేకర్‌లో పావుగంటలో ఆడదగిన లెవెల్ వస్తుంది, డ్రీమ్స్‌లో నేర్చుకునే పాఠాలకే కొన్ని సాయంత్రాలు పడతాయి. కొత్త హంగులు చేర్చడం 2023 సెప్టెంబర్ 1తో ఆపేశారు, ఆన్‌లైన్ నిల్వకు ఒక్కొక్కరికి 5 జీబీ పరిమితి పెట్టారు. గేమ్ తయారీ నేర్చుకోవాలనే పదిహేనేళ్ల పిల్లలకు ఇది చక్కటి బడి. ఎనిమిదేళ్ల పిల్లలకు ఇచ్చి సొంతంగా కట్టుకొమ్మంటే బరువవుతుంది, తెరమీద ఇంగ్లిష్ చదవాల్సిందీ ఎక్కువ. మారియోలో ఆ సమస్య లేదు, చాలావరకు బొమ్మలతోనే అర్థమవుతుంది.

కొనకూడనివి, పొరపాటున కొనేవి

మొదటి సూపర్ మారియో మేకర్ 2015లో నింటెండో పాత కన్సోల్ వీ యూ మీద వచ్చింది. కొత్త అప్‌లోడ్లు 2021 మార్చి 31న, ఆన్‌లైన్ మొత్తం 2024 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. ఆగేలోపు ఎవరూ దాటని లెవెల్ ఒక్కటీ మిగలకూడదని ఆటగాళ్లు జట్టుకట్టి, వేల లెవెళ్లను ఒక్కొక్కటిగా దాటారు. ఈ గేమ్‌ను జనం ఎంత ప్రేమించారో దాన్నిబట్టి తెలుస్తుంది. ఇవాళ కొనడానికి మాత్రం కారణం లేదు. నింటెండో చేతి కన్సోల్ 3డీఎస్ కోసం 2016లో వచ్చిన రూపంలో మొదటినుంచీ ఆన్‌లైన్‌లో లెవెల్ పంచుకునే వీలే లేదు. అందులో ఉన్న వంద తయారు లెవెళ్లు చాలనుకునేవాళ్లే తీసుకోవాలి.

సాక్‌బాయ్: ఎ బిగ్ అడ్వెంచర్ చూసి లిటిల్ బిగ్ ప్లానెట్ కొత్త భాగం అనుకుని కొనేవాళ్లు చాలామంది. గేమ్ బాగుంటుంది, కానీ లెవెల్ కట్టే వీలు అస్సలు లేదు. 2023 నాటి సూపర్ మారియో బ్రదర్స్ వండర్ కూడా అంతే.

మన దగ్గర కొనేటప్పుడు

నింటెండోకి భారతదేశంలో అధికారిక ఈషాప్ (ఆన్‌లైన్ గేమ్ దుకాణం) లేదు. స్విచ్‌లు దిగుమతిదారుల ద్వారా వస్తాయి కాబట్టి వారంటీ దుకాణం మాటే. బిల్లు మీద ఎన్ని నెలలో రాయించుకోండి. స్విచ్ కార్ట్రిడ్జ్‌కి దేశం తాళం లేదు, డాలస్‌లో కొన్నది విజయవాడలో ఆడుతుంది. సభ్యత్వం కోడ్ మాత్రం ఖాతాలో పెట్టిన దేశానిదే అయ్యుండాలి: ఖాతా అమెరికాదైతే అమెరికా కోడ్, జపాన్‌దైతే జపాన్ కోడ్. అమెరికా నుంచి కన్సోల్ తెప్పించుకుంటే అడాప్టర్ మీద 100–240 వోల్టులని రాసి ఉందో లేదో చూసి, పిన్ను మార్చే ప్లగ్ ఒకటి కొంటే సరిపోతుంది.

ఏ గేమ్ కొన్నా మొదటిరోజు చేయాల్సిన పని టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయడం. బొమ్మను మెరుగుపరిచే పనుల వల్ల టీవీ ప్రతి దృశ్యాన్నీ కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. సినిమాలో అది తెలియదు. ఇక్కడ అంచుమీద బటన్ నొక్కినా మారియో గుంటలో పడిపోతాడు, ఆటగాడు తన చేతిని తిట్టుకుంటాడు. గేమ్ మోడ్ లేని పాత టీవీ అయితే కష్టమైన లెవెళ్లు చేత్తో పట్టుకునే తెరమీదే ఆడండి. జాయ్‌కాన్ స్టిక్ మీద బొటనవేలు జారుతోందనిపిస్తే బాణం బటన్లకు మారండి, అలవాటవడానికి రెండు మూడు రోజులు పడుతుంది.